జీతం లేని కొలువు

మనిషి వయస్సుల్లో అందరికీ ముద్దొచ్చేవి కొన్ని, ఎవరికీ అక్కర్లేనివి కొన్ని ఉన్నాయి. మూడేళ్ల పిల్ల ఇంట్లోకి వస్తే ఎత్తుకోనివారుండరు. ఎనభై ఏళ్ల పెద్దాయన వస్తే లేచి కుర్చీ వెయ్యనివారుండరు. పద్నాలుగేళ్ల కుర్రాడు గుమ్మంలో నిలబడితే మాత్రం “ఏం కావాల్రా?” అంటాం. ఏమీ అక్కర్లేదనీ, ఊరికే వచ్చాననీ వాడు చెబితే నమ్మం.

వాడి ఇబ్బంది వాడిది. వాడి గొంతు వాడి మాట వినదు. నిన్న సరిపోయిన చొక్కా ఇవాళ చంకల్లో పట్టేస్తుంది. పెద్దల కబుర్లలో కూర్చుంటే “చిన్నవాడివి, నీకెందుకూ?” అంటారు. చిన్నపిల్లల ఆటలో చేరబోతే “గాడిదలా ఎదిగావు, సిగ్గులేదూ?” అంటారు. ఆడపిల్ల సంగతి మరీ అన్యాయం. నిన్నటిదాకా వీధంతా తనదే అనుకున్న పిల్లకి ఉన్నట్టుండి ‘ఎక్కడికి, ఎందుకు, ఎవరితో’ అన్న మూడు ప్రశ్నలు దడి కట్టేస్తాయి. పదమూడుకీ పద్దెనిమిదికీ మధ్య ఉన్న ఈ జనానికి ఇంట్లో మంచం ఉంది, బళ్లో బెంచీ ఉంది. ఊరికే కూర్చోడానికి చోటు మాత్రం లేదు.

అటువంటి చోటు ఒకటి మా ఊళ్లో ఉన్నది. అది మా చర్చి వరండా. ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటినుంచి ఆరింటిదాకా అక్కడ యవ్వనస్థుల కూడిక జరుగుతుంది. ఆరేళ్లుగా దానికి నేను కాపలాదారునో, పెద్దదిక్కునో, మరమరాలు పంచేవాణ్నో, ఏదో ఒకటి. నేను పాస్టరును కాను, బడిపంతులునూ కాను. ముప్ఫయి రెండేళ్లు సహకార సంఘంలో గుమాస్తాగా పద్దులు రాసి విరమించిన మనిషిని. ఉద్యోగం పోయినా పద్దులు రాసే బుద్ధి ఎక్కడికి పోతుంది? ఈ జీతం లేని కొలువులో జమ ఎంత, ఖర్చు ఎంత అని అప్పుడప్పుడు లెక్క చూసుకుంటూ ఉంటాను. ఆ లెక్కే ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. నెమలి అంటే వేణుగోపాలస్వామివారి గుడి చాలామందికి గుర్తొస్తుంది. ఇటు తిరువూరు వైపునుంచీ అటు ఖమ్మం వైపునుంచీ భక్తులు వస్తూంటారు. మాది గంపలగూడెం మండలం. 2022 ఏప్రిలులో జిల్లాలు విడదీసినప్పుడు మా కృష్ణాజిల్లా కాస్తా మాకు ఎన్.టి.ఆర్. జిల్లా అయింది. కాస్త అవతలికి పోతే తెలంగాణ పొలిమేర. మిరప, పత్తి, మామిడి మా పంటలు. ఊళ్లో కొందరికి పొలం ఉంది, కొందరికి పొలంలో పని ఉంది. మా వరండాకి వచ్చే పిల్లలు చాలావరకు ఆ రెండో రకం ఇళ్లనుంచి వచ్చేవాళ్లు.

ఇటువంటి కూడికలు మేం కొత్తగా కనిపెట్టినవి కావు. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టరు పట్నంలో రాబర్ట్ రైక్స్ అనే ఆయన పత్రిక నడుపుతూండేవాడు. అక్కడి పిల్లలు వారంలో ఆరు రోజులు గుండుసూదుల కర్మాగారాల్లో పనిచేసి, సెలవు దొరికిన ఒక్క ఆదివారమూ వీధుల్లో అల్లరిచిల్లరగా తిరుగుతూండేవారు. వాళ్లు చేతికి దొరికేది ఆ ఒక్కరోజే గనుక, చదవడమూ రాయడమూ ఆ రోజే నేర్పాలని ఆయన పూనుకున్నాడు. సండే స్కూళ్లు దేశదేశాలా పాకడానికి ఆయన చేసిన ప్రచారమే ముఖ్య కారణం. అంటే, ఆదివారం బడి పుట్టిందే కూలి పిల్లల కోసం. ఈ సంగతి చదువరులు కాస్త గుర్తుపెట్టుకోవాలి. ముందు మనకి దీనితో పని పడుతుంది.

తరవాత 1844 జూన్ 6న లండనులో, బట్టల కొట్లో పనిచేసే జార్జి విలియమ్స్ అనే ఇరవై రెండేళ్ల కుర్రాడు తనలాంటి కొట్టు కుర్రాళ్లను పోగుచేసి వై.ఎం.సి.ఎ. పెట్టాడు. 1881 ఫిబ్రవరి 2న అమెరికాలో పోర్ట్‌లండ్ అనే ఊళ్లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరు తన చర్చి కుర్రకారుని కూడదీసి ‘క్రిస్టియన్ ఎండెవర్’ అనే సంఘం స్థాపించాడు. ఈ క్లార్కుగారి పద్ధతి నాకు మహా ఇష్టం. సభ్యులు వచ్చి, విని, ఇంటికి పోతే చాలదు. ప్రతి కూడికలోనూ ప్రతివాడూ ఏదో ఒకటి చెయ్యాలి. పనులన్నీ కమిటీలు వేసుకుని పిల్లలే నడుపుకోవాలి. పెద్దవాడు పక్కన ఉంటాడు, అంతే.

మన దగ్గర కూడా ఇలాంటివారు లేకపోలేదు. మాకు అట్టే దూరంలేని దోర్నకల్‌కు 1912లో బిషప్పయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు, ఆంగ్లికన్ సంఘంలో భారతీయులలో మొదటి బిషప్పు. ఆయన అంతకుముందు 1895నుంచి 1909వరకు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా యువకుల మధ్య పనిచేసినవారే. మతంతో నిమిత్తం లేకుండా చూస్తే, 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టిన న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు ఉండనే ఉన్నారు. రేడియో అన్నయ్య, అక్కయ్య అంటే తెలియని తెలుగు ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. పిల్లల గురించి పెద్దలు మాట్లాడటం అప్పటికి అందరికీ అలవాటే. పిల్లల చేతనే మాట్లాడించి, పాడించి, ఆడించింది వాళ్లు. ఇంతమంది పెద్దల పేర్ల సరసన నా పేరు ఇరికించాలని కాదు సుమండీ. పిల్లలు తమ పని తామే నడుపుకోగలరన్న నమ్మకం నిన్నా ఇవాళా పుట్టింది కాదని చెప్పడానికే ఇదంతా.

మా కూడిక మొదట పాటతో మొదలవుతుంది. చర్చికి ఒక కీబోర్డు ఉంది. ఒకరు వాడి వదిలేసింది కొన్నాం. దాంట్లో రెండు మెట్లు పలకవు. ఆ రెంటినీ తప్పించి పాట నడిపించే నేర్పు ఒక్క కుర్రాడికే ఉంది. వాణ్ని ఇక్కడ కీబోర్డు అబ్బాయి అందాం. తిరువూరులో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న రోజుల్లో సంగతి నేను చెప్పబోయేది. వేళకి రావడం వాడి జాతకంలో లేదు. వచ్చినా ఒక చెప్పు తూర్పుకీ ఒక చెప్పు పడమరకీ వదులుతాడు. ఊళ్లో చాలామంది వాడి పేరెత్తి “వాడా, సరే!” అని ఊరుకునేవారు. ఆ ‘సరే’లో చాలా అర్థం ఉంది.

పాట తరవాత బైబిలులోంచి ఒక భాగం. వంతులవారీగా పిల్లలే చదువుతారు, తోచింది చెబుతారు. ఆ తరవాత ప్రశ్నల డబ్బా. ఎవరైనా ఏదైనా కాగితం మీద రాసి పేరు లేకుండా అందులో వెయ్యవచ్చు. బైబిలు ప్రశ్నలే వస్తాయనుకునేరు. ‘మా నాన్న తాగివచ్చి అమ్మని కొడతాడు, ఆయన్ని గౌరవించాలా?’ ‘ఇంటిల్లిపాదీ ప్రార్థన చేశాం, అయినా మా తమ్ముడు ఎందుకు పోయాడు?’ ‘నా ఫొటో పంపమని ఫోనులో ఒకడు వేధిస్తున్నాడు, ఇంట్లో చెబితే నన్నే తిడతారు.’ ఇలాంటివి వస్తాయి.

వీటన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయా అంటే, చాలావాటికి లేవు. నేను కాగితం గట్టిగా చదువుతాను. చదివి ఊరుకుంటాను. ఆ ఊరుకోవడమే ఈ కొలువులో కష్టమైన పని. మనబోటి పెద్దవాళ్లకి నోట్లో సలహా నిలవదు కదా! ఒక నిమిషం గడుస్తుంది. రెండు గడుస్తాయి. ఎవడో మూలనుంచి, “మా ఇంట్లోనూ అంతే తాతయ్యా” అంటాడు. అక్కణ్నుంచి మాట సాగుతుంది. ఫొటోల సంగతిలాంటి ప్రమాదం ఉన్నప్పుడు మాత్రం ఊరుకోం. పిల్లల సహాయవాణి నంబరు 1098 వరండా గోడమీద పెద్ద అక్షరాలతో రాయించి పెట్టాం. ఆ రోజు ఆ పిల్ల ఎవరో తెలియకపోయినా, ఏం చెయ్యాలో అందరికీ విడమర్చి చెప్పాం.

కట్టుబాటు కూడా ఒకటి ఉంది. ఏ పెద్దమనిషీ ఏ పిల్లతోగాని పిల్లవాడితోగాని ఒంటరిగా ఉండకూడదు. కూడిక జరిగినంతసేపూ ఇద్దరు పెద్దలు నలుగురికీ కనపడే చోట కూర్చోవాలి. అందుకని మా ఇంటావిడ కూడా వస్తుంది. స్తంభానికి చేరబడి చేటలో బియ్యం ఏరుకుంటుంది. ఈ రోజుల్లో తల్లిదండ్రులు బిడ్డల్ని ఒకచోటికి నమ్మి పంపాలంటే మంచివాడన్న పేరు ఒక్కటే చాలదు. కంటికి కనపడే కట్టుబాటు కావాలి. ఆ బియ్యపు చేట మాకు పెద్ద హామీపత్రం.

జమ పద్దులో చిల్లర జమలు చాలా ఉన్నాయి. డిసెంబరు వస్తే క్యారల్సు. వెదురుబద్దలతో నక్షత్రం కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టుకుని రాత్రి పదింటికి బయల్దేరితే, ఇల్లిల్లూ తిరిగి వచ్చేసరికి తెల్లవారుజాము నాలుగవుతుంది. సరిగ్గా ఆ వేళకి, ధనుర్మాసం గనుక, గుడికి వెళ్లే ఇల్లాళ్లు లేచి వాకిళ్లు చిమ్మి ముగ్గులు పెడుతూంటారు. పాడి పాడి గొంతులు బొంగురుపోయిన మా పిల్లలూ, ముగ్గుచిప్పలు పట్టుకున్న ఆ తల్లులూ మంచులో ఎదురుపడతారు.

“పాటలయ్యాయిట్రా?”

“అయ్యాయి పెద్దమ్మా.”

“ముగ్గు తొక్కకండి.”

నెత్తిమీద నక్షత్రంతో ముగ్గు దాటడానికి మావాళ్లు చేసే విన్యాసాలు చూడాలి. గోడవార ఒంటికాలిమీద నడుస్తారు. ఆ దృశ్యం చూడటానికి ఎవరైనా టిక్కెట్టు పెడితే కొనుక్కుని వెళ్లేవాణ్ని. నాకు ఏటా ఉచితంగా దొరుకుతోంది.

ఇక అసలు జమ సంగతికి వస్తాను. జనవరినుంచి మార్చిదాకా మా వైపు మిరపకోతలు. మా వరండాలో హాజరు పడిపోయే కాలం అదే. రెండేళ్ల కిందట పదోతరగతి చదివే పిల్ల ఒకతె ఫిబ్రవరిలో వరసగా మూడు ఆదివారాలు రాలేదు. ముందు వరసలో కూర్చుని, పాట తప్ప మాట వినపడనిచ్చేది కాదు ఆ పిల్ల. రాకపోయినా ఎవరికీ తెలియని రకం. కాని పిల్లలు కనిపెట్టారు.

మేమిద్దరం వాళ్లింటికి వెళ్లాం. తండ్రి లేడు. ఇంటిమీద కొత్త రేకులు మెరుస్తున్నాయి. ఆ రేకుల కోసం తల్లి కోతల ముఠామేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుంది. ఇద్దరు మనుషులు కోతకి వస్తారన్న మాటమీద ఇచ్చిన డబ్బది. ఆ ఇద్దరిలో రెండో మనిషి ఈ పిల్లే. మొదట సెలవురోజుల్లో కోసింది. తరవాత కోత ముమ్మరమై బడి మానేసింది. తల్లి చెడ్డది కాదు. “చదివించకూడదని కాదు బాబాయిగారూ. మాటిచ్చాను. ఈ ఏడు మాట పోతే వచ్చే ఏడు నన్నెవరు పిలుస్తారు?” అన్నది. నేను జన్మంతా అప్పుల పద్దులు రాసినవాణ్ని. ఆ మాటకి ఎదురు చెప్పలేకపోయాను.

పదోతరగతి పరీక్ష అంటే 600 మార్కులు. లెక్కల్లో 35 వస్తేనే గట్టెక్కడం. ఆ పిల్లకి లెక్కలే గండం. తప్పితే సప్లిమెంటరీ ఉంటుంది, నిజమే. కాని బడి వదిలి ముఠాలో పూర్తిగా కలిసిపోయిన పిల్ల మళ్లీ ఫీజు కట్టి పరీక్షకి కూర్చోవడం నేను చూడలేదు. ఆ మీదట సంబంధాలు మొదలవుతాయి. ఆడపిల్లకి పద్దెనిమిది నిండాలంటుంది చట్టం. పదహారే ఎక్కువంటారు ఇంట్లో ముసలమ్మలు. అంటే ఆ పిల్ల బతుకు ఎటు తిరుగుతుందో ఆ నెలరోజుల్లో తేలిపోవాలి.

పాస్టరుగారితో చెప్పాను. పాపం ఆయన వెంటనే సంఘపెద్దలతో అన్నారు. చందా వేసి మేస్త్రీ బాకీ కొంత తీర్చుదామా, తల్లి ఒప్పుకుంటుందా, ఒకరికి చేస్తే మిగతావాళ్లు అడగరా అని పెద్దలు సాధకబాధకాలు ఆలోచించారు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ కూర్చుందామనుకున్నారు.

ఆ బుధవారం రాత్రి ఏడున్నరకి చర్చి పక్కగా వస్తూంటే వరండాలో దీపం కనపడింది. తొంగిచూశాను. కీబోర్డు అబ్బాయి నేలమీద సుద్దముక్కతో త్రిభుజం గీస్తున్నాడు. ఎదురుగా ఆ పిల్ల, ఆమెతోపాటు మరో ముగ్గురు పదోతరగతివాళ్లు. మిరపకాయల మంటకి ఆ పిల్ల చేతులనిండా కొబ్బరినూనె రాసుకుని ఉంది. పుస్తకం ముట్టుకుంటే మరకలవుతాయని పక్కపిల్ల పేజీలు తిప్పుతోంది. స్తంభం దగ్గర చేటతో మా ఇంటావిడ!

“నువ్వెప్పుడొచ్చావు?” అన్నాను.

“పిల్లలు పిలిచారు. పెద్దవాళ్లు ఉండాలిగా. పాస్టరమ్మగారూ లోపలే ఉన్నారు. మీరు పెట్టిన కట్టుబాటేగా?” అన్నది.

“మరి నన్ను పిలవలేదేం?”

“మీరొస్తే మంచి మాటలతో మొదలెట్టి అరగంట తినేస్తారట. లెక్కలకి టైము చాలదన్నారు.”

నేను మారు మాట్లాడకుండా ఇంటికి వెళ్లి అన్నం వడ్డించుకు తిన్నాను.

పరీక్షలదాకా ప్రతిరాత్రీ ఆ దీపం వెలిగింది. మరి పరీక్షల రోజుల మాటేమిటి? పరీక్ష పగలు. కోతా పగలే. ఇద్దరు మనుషుల మాట ఇద్దరు మనుషుల మాటే. దానికీ వాళ్లే దారి చూశారు. మా కూడికలో పద్దెనిమిది దాటి, డిగ్రీయో ఐ.టి.ఐ.యో చదువుతున్న పెద్ద పిల్లలు నలుగురైదుగురున్నారు. పరీక్ష ఉన్న రోజుకొకరు చొప్పున ఆ పిల్లకి బదులు కోతకి వెళ్లాలని వంతులు వేసుకున్నారు. మేస్త్రీ దగ్గరికి వెళ్లి మాట్లాడింది కూడా వాళ్లే. ఆయన, “నాకు మనిషి లెక్క. ఎవరైతేనేం? కాయ తొడిమతో రావాలి, కొమ్మ విరగకూడదు” అన్నాడట. మొదటి వంతు కీబోర్డు అబ్బాయిది. ఆ ఒక్కరోజు వాడు వేళకి వెళ్లాడు.

ఇదంతా నాకు తెలిసింది రెండో పరీక్ష అయ్యాక. మూడో పరీక్ష రోజున వంతుకు రావలసిన కుర్రాడికి తోడుగా నేనూ తయారయ్యాను. అరవై ఆరేళ్లవాణ్ని, వద్దన్నా వినలేదు. పదింటికల్లా నడుం పట్టేసింది. పదకొండింటికి తెలియక కన్ను నులుముకున్నాను. ఆ తరవాత సంగతి చెప్పనక్కర్లేదు. మేస్త్రీ నా గోతాం ఎత్తిచూసి, “తాతగారూ, మీరా వేపచెట్టు కింద కూర్చోండి, మాకదే లాభం” అన్నాడు. ఇంటికొచ్చాక మా ఇంటావిడ నా చేతుల్ని మజ్జిగలో ముంచి కూర్చోబెట్టి, గంటసేపు ఒక్క మాటా అనలేదు. ఆవిడ కూడా వరండాలో ఊరుకోవడం నేర్చుకున్నదని అప్పుడు తెలిసింది.

ఆ పిల్లకి లెక్కల్లో 41 వచ్చాయి. పేపర్లో ఫొటో పడలేదు. ఎవరూ శాలువా కప్పలేదు. జూన్‌లో తిరువూరులో ఇంటరులో చేరింది. బస్సు ఆగేచోట పుస్తకాలు గుండెకి హత్తుకుని నిలబడుతుంది. తల్లి మాట పోలేదు. మరుసటి ఏడూ అదే మేస్త్రీ పిలిచాడు, ఒక్కర్తెనే పిలిచాడు.

నా పద్దులో జమ వేసుకున్నది ఆ 41 మార్కులు కావు. అవి ఆ పిల్లవి. నేను వేసుకున్నది వేరు. ఆ నెలరోజుల్లో జరిగిన ఏ పనీ నేను చెప్పి చేయించింది కాదు. లెక్కలు చెప్పమని నేననలేదు. వంతులు వేసుకొమ్మనలేదు. మేస్త్రీతో మాట్లాడమనలేదు. వాళ్లకి నాతో పని పడలేదు. మొదట కాస్త చిన్నతనంగా ఉన్నమాట వాస్తవమే. తరవాత ఆలోచిస్తే, ఈ కొలువుకి ఇంతకన్న జీతం ఏముంటుందనిపించింది. ఆ పిల్ల రాలేదని కనిపెట్టడం, వెళ్లి అడగడం, చెప్పేదాకా ఆగడం, విన్నాక తమ చేతనైనది చెయ్యడం. ఈ నాలుగూ ఆదివారాల్లో మరమరాలు నములుతూ వాళ్లకి అబ్బినవే. గుండుసూదుల పిల్లల కోసం ఒకాయన మొదలుపెట్టిన ఆదివారం బడి, ఇన్నేళ్లకి మా ఊళ్లో ఒక మిరపకోత పిల్ల కోసం బుధవారం కూడా తెరుచుకుంది. తెరిచింది పిల్లలు.

కీబోర్డు అబ్బాయి మారిపోయాడని చెబితే మీరు సంతోషిస్తారు గాని, అది అబద్ధమవుతుంది. ఇప్పటికీ ఆలస్యంగానే వస్తాడు. చెప్పులు ఇప్పటికీ చెరో దిక్కునే ఉంటాయి. కాని ఒకనాడు మరమరాల డబ్బా కడుగుతూ, “తాతయ్యా, బి.ఇడి. అంటే ఎన్నేళ్లు చదవాలి?” అని అడిగాడు. ఎందుకురా అంటే, ఊరికే అన్నాడు. ఊరికే అన్న మాటని ఈ ఆరేళ్లలో నేను నమ్మడం నేర్చుకున్నాను గనుక, మళ్లీ అడగలేదు.

గుమాస్తా అన్నవాడు జమలు మాత్రమే చూపించి పుస్తకం మూసెయ్యకూడదు. ఖర్చు పేజీ కూడా ఉంది. చక్కగా పాడే కుర్రాడొకడు పదిహేడో ఏట బోరుబండి మీద పనికి పోయాడు. ఎండాకాలం అయ్యాక వస్తానన్నాడు. రెండేళ్లయింది, కబురు లేదు. తండ్రి తాగివచ్చి కొడతాడని రాసిన కాగితం ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. ప్రతి ఆదివారం డబ్బా తెరిచేటప్పుడు ఆ దస్తూరీ కోసం వెతుకుతాను. ఆ తరవాత అది మళ్లీ కనపడలేదు. ఏటా జూన్‌లో మరి కొందరు బెజవాడ హాస్టళ్లకి వెళ్లిపోతారు. మొదటి నెల ఫోన్లు చేస్తారు, తరవాత పండక్కి చేస్తారు. ఒక్కొక్కరూ మన చేతిలో ఉండేది మూడేళ్లు, మహా అయితే నాలుగేళ్లు. పంట ఇంటికి చేరిందో లేదో తెలియకుండానే కొత్త సాలు వెయ్యాలి.

వేసవిలో మాకు పది రోజులు సెలవుల బైబిలు బడి జరుగుతుంది. 1898లో న్యూయార్కులో ఎలైజా హాస్ అనే ఆవిడ వేసవిలో వీధుల్లో తిరిగే పిల్లల కోసం మొదలుపెట్టిందట ఇలాంటిది. ఇప్పుడు మా పల్లెల్లో మే నెల వచ్చిందంటే అదే పెద్ద సందడి. దాంట్లో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేది మా వరండా జనమే. మొన్న వేసవిలో ఆ మిరపకోత పిల్ల అయిదేళ్లవాళ్ల గుంపుకి టీచరు. ఒక చంటిది తొలిరోజు గుంజ పట్టుకుని ఒకటే ఏడుపు. ఎవరు బిస్కట్టు ఇచ్చినా విసిరికొట్టింది. ఈ పిల్ల వెళ్లి ఆ గుంజ పక్కనే నేలమీద కూర్చుంది. ఏమీ అడగలేదు. ఏమీ ఇవ్వలేదు. పావుగంటకి ఆ చంటిది గుంజ వదిలి ఈ పిల్ల ఓణీ చెంగు పట్టుకున్నది.

మీ మతం ఏదైనా కానివ్వండి, మీ ఊరు ఏదైనా కానివ్వండి. మీ వీధిలోనూ గొంతు మారుతున్న కుర్రాళ్లు నలుగురుంటారు, మూడు ప్రశ్నల దడి మధ్య నిలబడ్డ ఆడపిల్లలు నలుగురుంటారు. గుడి అరుగు ఉంటే అరుగు, గ్రంథాలయం మెట్లుంటే మెట్లు, లేదంటే మేడమీద చాప. వారానికి రెండు గంటలు చాలు. తోడుగా మరో పెద్దవారిని తప్పకుండా కూర్చోబెట్టుకోండి. తినడానికి ఏదైనా పట్టుకెళ్లండి. ఆ వయస్సు ఆకలి మీకు తెలుసు. మొదటి కొన్ని వారాలు వాళ్లు మాట్లాడరు, నేల చూపులు చూస్తారు. మీరూ తొందరపడి సలహాలు మొదలుపెట్టకండి. మరమరాల పొట్లం మధ్యలో పెట్టి కూర్చోండి. ఎవరో ఒకరు నోరు విప్పుతారు.